జపాన్ దెయ్యం కథలు చదివితే నాకు భయం కంటే దిగులే ఎక్కువ వేస్తోంది. మీకెలా ఉంటుంది?

వేపచెట్టు నీడ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఉగాది నుంచి నేను జపాన్ కథలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. పిల్లలు పడుకున్నాక లైటు తీసేసి ఫోన్‌లో చదివితే కాస్త ఒళ్ళు జలదరిస్తుంది కదా అని మొదలుపెట్టాను. తీరా చూస్తే ఒళ్ళు జలదరించడం తక్కువ, గొంతు పట్టేయడం ఎక్కువ.

ఒక్క కథ చెబుతాను. యానగిత కునియో 1910లో అచ్చు వేసిన 'తోనో మొనొగతరి' లోది. ఉత్తర జపాన్ కొండల్లో తోనో అనే ప్రాంతం. అక్కడివాడైన ససకి కిజెన్ చెబుతుంటే యానగిత రాసుకున్నాడు. మొత్తం 119 ముక్కలు, కొన్ని నాలుగు వాక్యాలకు మించవు. 22వ ముక్క ససకి వాళ్ళ ఇంట్లోనే జరిగింది. ముత్తవ్వ పోయింది. చుట్టాలందరూ ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. మైలలో పొయ్యి ఆరనివ్వకూడదట, అందుకని ఇంటి ఆడవాళ్ళిద్దరు చెరోపక్కన కూర్చుని బొగ్గులు వేస్తున్నారు. పెరటి వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. చూస్తే పోయినావిడే వస్తోంది. నడుం వంగిపోయాక కిమోనో అంచు నేల మీద ఈడుస్తోందని దాన్ని మూడు మూలలుగా మడిచి ముందువైపు కుట్టి ఉంచేవారు. ఆ రాత్రి కూడా ఆ మడత అలాగే ఉంది. ఇద్దరి పక్క నుంచే నడిచి వెళ్ళింది. వెళ్తుంటే అంచు బొగ్గుల బుట్టకి తగిలింది. గుండ్రటి బుట్ట కదా, గిర్రున తిరిగింది.

ఆ బుట్ట దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మా నాయనమ్మ వంగిపోయిన తర్వాత చీర అంచు కాళ్ళకి అడ్డం పడుతోందని అమ్మ రోజూ పొద్దున్నే కాస్త పైకి లాగి బొడ్లో దోపేది. అయినా సాయంత్రానికి జారిపోయేది. వంటింట్లోకి వస్తే గోడకి ఆనించిన చేట తగిలి చప్పుడయ్యేది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ చప్పుడు గుర్తొచ్చింది ఆ రాత్రే, ఇన్నేళ్ళలో మొదటిసారి.

మీకెలాంటి అనుభవాలున్నాయో చెప్పండి. ఏవి చదవాలో కూడా.

ఓరుగల్లు చదువరి
ఆదివారం, రాత్రి 11:58

అక్కా, మంచి టాపిక్ పెట్టారు. కానీ నేను ఒప్పుకోను. నాకు జపాన్ హారర్ అంటే అచ్చమైన భయమే. సుజుకి కోజి 'రింగ్' చదివి వారం రోజులు హాస్టల్ బాత్రూమ్‌కి ఒక్కడినే పోలేదు. ఏడుపు రావడానికి అందులో ఏముంది? బావి, ఎముకలు, ఏడు రోజుల గడువు, అంతే కదా. దిగులు కావాలంటే వేరే పుస్తకాలు బోలెడున్నాయి.

నిషికసాయ్ నుంచి
సోమవారం, ఉదయం 5:15

వేపచెట్టు గారూ, మీ పోస్టు రైల్లో చదివాను, దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. టోక్యోలో ఆరేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి మాట రెండు చెబుతాను.

మన దగ్గర దెయ్యం కథలు చలికాలం రాత్రులు, కరెంటు పోయినప్పుడు. ఇక్కడ ఎండాకాలం. జూలై ఆగస్టుల్లో టీవీలో, పార్కుల్లో, ఎక్కడ చూసినా దెయ్యాలే. ఉక్కపోతలో వెన్నులో చల్లగా పాకాలని అంటారు. అసలు కారణం ఓబోన్ పండగ అని నాకనిపిస్తుంది. పోయినవాళ్ళు ఇంటికొచ్చి వెళ్ళే రోజులు అవి. చాలా చోట్ల ఆగస్టు 13 నుంచి 16 దాకా. మా పక్కింటి పెద్దావిడ దోసకాయకి నాలుగు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తుంది, వంకాయకి గుచ్చి ఆవుని చేస్తుంది. ఎందుకని అడిగితే చెప్పింది: వచ్చేటప్పుడు గుర్రం మీద తొందరగా రావాలి, వెళ్ళేటప్పుడు ఆవు మీద మెల్లగా వెళ్ళాలి.

ఆ మాట విన్నాక ఇక్కడి దెయ్యం కథలు నాకు వేరేలా అర్థమయ్యాయి. మనం దెయ్యాన్ని వెళ్ళగొట్టాలని చూస్తాం, వేపమండలు, తాయెత్తులు. వీళ్ళు వంకాయ ఆవుని ఇచ్చి పంపిస్తారు.

గోదారి గట్టు
సోమవారం, ఉదయం 7:30

నిషికసాయ్ గారూ, మనం మాత్రం పిలవమా? మహాలయ పక్షాలు అందుకే కదా. తద్దినం రోజు కాకి వచ్చి పిండం ముట్టేదాకా ఇంటిల్లిపాదీ అన్నం తినకుండా పెరట్లో నిలబడతాం. మన దగ్గర పితృదేవతలు వేరు, దెయ్యాలు వేరు. వాళ్ళు రెండిటి మధ్య గోడ కట్టుకోలేదేమో. నాకు తేడా అక్కడ కనిపిస్తుంది.

బొగ్గుల బుట్ట గురించి ఒక మాట. జపాన్ నవలా రచయిత మిషిమా యుకియో ఆ 22వ ముక్కనే పట్టుకుని, నవల అంటే ఏమిటో ఆ బుట్ట తిరగడంలో ఉందని రాశాడు. అప్పటిదాకా ఆ రూపం కల అనుకోవచ్చు, కళ్ళ భ్రమ అనుకోవచ్చు. బుట్ట తిరిగాక అలా అనుకోవడానికి వీల్లేదు.

వేపచెట్టు నీడ
సోమవారం, మధ్యాహ్నం 1:10

లంచ్ టైములో రాస్తున్నాను. వంకాయ ఆవు సంగతి మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గుత్తి వంకాయా, పొడుగు వంకాయా?" అని అడిగింది. ఏం చెప్పను?

ఓరుగల్లు చదువరి తమ్ముడూ, 'రింగ్' నేనింకా చదవలేదు, సినిమా చూశాను. నీ వాదన మీద నాకు అనుమానం ఉంది, చదివి చెబుతా.

ఇంకో కథ. ఉయెద అకినారి 'ఉగెత్సు మొనొగతరి', 1776 నాటిది, అందులో తొమ్మిది కథలు. 'అసాజి గ యాదో' అనే కథలో కత్సుషిరో అనేవాడు పట్టుబట్టలు అమ్మడానికి క్యోటో వెళ్తాడు. శరదృతువుకి వచ్చేస్తానని భార్య మియాగికి మాటిస్తాడు. యుద్ధాలు, జబ్బు, అలా ఏడేళ్ళు గడిచిపోతాయి. తిరిగొచ్చేసరికి ఊరు ఊరుగా లేదు, కానీ ఆమె ఇంట్లోనే ఉంది. చిక్కిపోయింది, జుట్టు చెదిరిపోయింది. ఇద్దరూ ఏడుస్తారు, మాట్లాడుకుంటారు, నిద్రపోతారు. తెల్లవారుజామున చలేసి అతనికి మెలకువ వస్తుంది. మొహం మీద ఏదో తడి తగిలితే వాన కురుస్తోందేమో అనుకుంటాడు. కళ్ళు తెరిస్తే ఇంటికి కప్పు లేదు. పైన తెల్లబడిపోతున్న చంద్రుడు.

కప్పు లేదని తెలిసిన ఆ క్షణం నుంచి అతను ఆమె కోసం ఇల్లంతా వెతుకుతాడు చూడండి, అది చదవలేకపోయాను. ఆమె పడుకునే చోట మట్టి దిబ్బ, నీళ్ళ పాత్ర, ఒక కాగితం మీద ఆమె చేతిరాత. నేను చదివినవాటిలో ఇంతకంటే కఠినమైన మాట తప్పడం ఇంకోటి లేదు. అకినారి అతన్ని ఒక్క మాట కూడా తిట్టడు.

నిషికసాయ్ నుంచి
సోమవారం, సాయంత్రం 6:05

ఆ కథ జరిగిన ఊరు మామ. ఇప్పటి ఇచికావా పట్టణంలో ఉంది, మా ఇంటికి చాలా దగ్గర, ఎదో నది అవతల. గత నవంబరులో వెళ్ళాను. అపార్ట్‌మెంట్లు, సైకిళ్ళు, మామూలు వీధులు. అక్కడ తెకొన అనే అమ్మాయికి చిన్న గుడి ఉంది. చాలామంది తన కోసం కొట్టుకుంటుంటే చూడలేక నీళ్ళలో దూకిన పిల్ల అని 'మన్యోషూ' అనే పాతకాలపు జపాన్ పద్య సంకలనం నాటి నుంచి పాటలున్నాయి. అకినారి కథ చివర్లో ఒక ముసలాయన కత్సుషిరోకి చెప్పేది ఈ పిల్ల గురించే. నేను వెళ్ళినప్పుడు ఒక తల్లి పసిబిడ్డని ఎత్తుకుని దండం పెట్టుకుంటోంది. తెకొన ఇప్పుడు పిల్లల్ని కాపాడే దేవత. మన పేరంటాలమ్మలు గుర్తొచ్చారు.

నిశిరాత్రి
సోమవారం, రాత్రి 9:45

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయను. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 అంటే ఏమిటో దివిసీమలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నేను అప్పటికి పుట్టలేదు. మా పెద్దమ్మ ఆ ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. తను తాటిచెట్టు పట్టుకుని బతికింది.

తోనో పుస్తకంలో 99వ ముక్క ఎవరైనా చదివారా? 1896 జూన్ 15న సన్‌రికు తీరం మీదికి సునామీ వచ్చింది, సుమారు 22,000 మంది పోయారు. ఫుకుజి అనేవాడి భార్య, ఒక బిడ్డ కొట్టుకుపోయారు. మిగిలిన ఇద్దరు పిల్లలతో పాత ఇల్లున్న చోటే గుడిసె వేసుకుని ఉంటున్నాడు. ఏడాది గడిచాక ఒక వెన్నెల రాత్రి, పొగమంచు పట్టి ఉంది, సముద్రం ఒడ్డున దొడ్డికి వెళ్ళాలని లేచాడు. మంచులోంచి ఇద్దరు నడిచొస్తున్నారు. ఒకరు తన భార్య. పక్కన అదే సునామీలో పోయిన మగవాడు, పెళ్ళికి ముందు ఆమె ఇష్టపడినవాడని ఊరంతా అనుకునేవాళ్ళు. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి నవ్వింది. "ఇప్పుడు నేను ఈయనతో ఉంటున్నాను" అంది. "పిల్లల మీద నీకు ప్రేమ లేదా?" అని ఫుకుజి అడిగాడు. ఆమె మొహం రంగు మారింది, ఏడ్చింది. అతను తల దించుకున్నాడు. ఎత్తి చూసేసరికి వాళ్ళిద్దరూ కొండ మలుపు తిరిగి వెళ్ళిపోతున్నారు.

నేను ఈ కథని దెయ్యం కథ అనలేను. ఉప్పెన తర్వాత మా ఊళ్ళో చెప్పుకునే మాటలు ఇలాగే ఉంటాయి. ఫలానా ఆవిడ కట్ట మీద నడుస్తూ కనిపించింది, పలకరిస్తే పలికింది. ఎవరూ వాటికి భయపడరు. "ఏమంది?" అని అడుగుతారు.

గోదారి గట్టు
సోమవారం, రాత్రి 10:20

నిశిరాత్రి గారూ, రాసినందుకు మనసారా కృతజ్ఞతలు. 2011 సునామీ తర్వాత కూడా జపాన్‌లోని ఇషినొమాకి పట్టణంలో టాక్సీ డ్రైవర్లు ఇలాంటివే చెప్పారు. ఎవరో ఎక్కి, ఊడ్చుకుపోయిన పేటకి పోనివ్వమంటారు, వెనక్కి తిరిగి చూస్తే సీటు ఖాళీ. కొందరు డ్రైవర్లు మీటర్ వేశారు కాబట్టి ఆ కిరాయి తామే కట్టుకున్నారు. మళ్ళీ ఎక్కినా తీసుకెళ్తామని కూడా అన్నారు.

పుస్తకాల సంచి (కర్నూలు)
మంగళవారం, ఉదయం 8:00

చర్చ చాలా బరువెక్కింది. నాది చిన్న ప్రశ్న. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. కార్టూన్లు చూసి చూసి జపాన్ కథలు కావాలంటోంది. ఇవన్నీ చదివితే రాత్రిళ్ళు పడుకోదు. ఇంగ్లీషులో చదవగలదు. ఏం ఇవ్వమంటారు?

నిషికసాయ్ నుంచి
మంగళవారం, ఉదయం 8:40

కళ్ళు మూసుకుని ఉయెహాషి నహోకో 'మొరిబితో' ఇవ్వండి. 1996లో మొదటి పుస్తకం వచ్చింది. రచయిత్రి ఆస్ట్రేలియా ఆదివాసుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త, 2014లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది. కథానాయిక బల్సాకి ముప్పై ఏళ్ళు, బల్లెం పట్టి కూలికి కాపలా కాసే మనిషి. పిల్లల నవలకి ముప్పై ఏళ్ళ ఆడమనిషిని హీరోయిన్‌గా పెట్టడం నాకు చాలా నచ్చింది. కన్నతండ్రే చంపించాలనుకుంటున్న రాకుమారుడు చగుమ్‌ని ఆమె కాపాడుతుంది. దెబ్బ తగిలితే బల్సాకి నిజంగా నొప్పి పుడుతుంది, కుట్లు పడతాయి, రోజుల తరబడి మంచం మీద ఉంటుంది. తిండి గురించి ఉయెహాషి రాసే తీరుకి ఆకలేస్తుంది.

మంచు కొండ
మంగళవారం, మధ్యాహ్నం 12:15

ఫాంటసీ మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నాను. ఓనో ఫుయుమి 'పన్నెండు రాజ్యాలు'. 1992లో మొదలైంది. ఒక నవలకీ తర్వాతి నవలకీ మధ్య జపాన్ పాఠకులు 18 ఏళ్ళు ఆగారు, 2019లో నాలుగు భాగాల నవలగా వచ్చింది.

యోకో అనే హైస్కూలు పిల్ల. అందరికీ మంచిదనిపించుకోవాలని, ఎవరికీ ఎదురు చెప్పకుండా బతికిన పిల్ల. ఒకరోజు వేరే లోకంలో పడిపోతుంది. నమ్మినవాళ్ళు వరసగా మోసం చేస్తారు. నీలి కోతి ఒకటి వెంటపడి, ఆమె తనలో తాను కూడా ఒప్పుకోని మాటలన్నీ పైకి అంటుంటుంది. ఆకలితో వానలో పడిపోయి ఉంటే రకుషున్ అనే ఎలుక మనిషి ఇంటికి తీసుకెళ్ళి గంజి పోస్తాడు. తర్వాత ఒక పట్నం గుమ్మం దగ్గర దాడి జరుగుతుంది. రకుషున్ దెబ్బ తిని పడిపోతే యోకో వదిలేసి పారిపోతుంది. అంతటితో అయిపోదు. వెనక్కి వెళ్ళి వాణ్ని చంపేస్తే నా గుట్టు బయటపడదు కదా అని ఆలోచిస్తుంది.

ఆ పేజీ నా ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో చదివాను. స్నేహితుడు కష్టంలో ఉన్నప్పుడు నేను ఫోన్ ఎత్తని రోజులవి. యోకో ఆ ఆలోచన దగ్గర ఆగి, తన నోట్లోంచి వచ్చినదేమిటో తనే విని, కోతిని నరికేస్తుంది. ఇతరులు మోసం చేస్తే చేయనీ, నేను నమ్మడం నా ఇష్టం అని నిర్ణయించుకుంటుంది. నేను ఆ సాయంత్రమే వాడికి ఫోన్ చేశాను. ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

ఆ లోకంలో రాజు దారి తప్పితే అతన్ని ఎన్నుకున్న కిరిన్ అనే పుణ్యమృగానికి జబ్బు చేస్తుంది. అది చస్తే రాజూ చస్తాడు. పరిపాలన బాగుందో లేదో ఒక ప్రాణి ఒంట్లో కనిపించడం, ఇంత మంచి ఊహ నేను ఇంకెక్కడా చూడలేదు.

వేపచెట్టు నీడ
మంగళవారం, రాత్రి 11:30

మంచు కొండ గారూ, ఓనో రాసిన 'షికి' కూడా చదవండి, 1998. ఊరి పేరు సొతొబ. సమాధుల దగ్గర నిలబెట్టే చెక్కపలకల్ని సొతొబ అంటారు, ఆ పలకలు చేయడమే ఒకప్పుడు ఆ ఊరి బతుకుతెరువు. ఎండాకాలం చావులు మొదలవుతాయి, చచ్చినవాళ్ళు లేస్తారు. మొదటి సగమంతా వాళ్ళంటే భయం. తర్వాత ఊరివాళ్ళు మేకులు, సుత్తులు పట్టుకుని బయల్దేరతారు చూడండి, నిన్నటిదాకా పలకరించిన పొరుగువాళ్ళనే. అలసిపోయి, మధ్యలో కూర్చుని అన్నం తింటారు. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది అక్కడే.

ఓరుగల్లు తమ్ముడూ, 'రింగ్' పూర్తి చేశాను. (కథ చివర తెలియకూడదనుకునేవాళ్ళు ఈ పేరా వదిలేయండి.) చూసినవాళ్ళు వారంలో చచ్చిపోయే వీడియో టేపు ఒకటి అసకావా చూసేస్తాడు. ఆ టెన్షన్‌తో బావిలో నీళ్ళు తోడతాడు, ఎముకలు తీస్తాడు, గడువు దాటినా బతికే ఉంటాడు. హమ్మయ్య అనుకుంటాడు. కానీ అతన్ని బతికించింది ఎముకలు కాదు, టేపు కాపీ తీసి ఇంకొకరికి చూపించడం. ఇప్పుడు ఆ టేపు చూసేసిన భార్యాబిడ్డల్ని బతికించుకోవాలంటే ఆ టేపు వేరేవాళ్ళకి చూపించాలి. ఎవరికి? భార్య కన్నవాళ్ళకి. కారు నడుపుకుంటూ వెళ్తుంటాడు, నవల ఆగిపోతుంది.

మా చిన్నప్పుడు ఇంటికి పోస్టుకార్డులు వచ్చేవి, ఇది పదకొండు మందికి రాయకపోతే ఇంట్లో అరిష్టం అని. అమ్మకి జ్వరం వచ్చిన వారమే ఒకటి వచ్చింది. నాన్న దేవుణ్ణి నమ్మే మనిషే కానీ వీటిని నమ్మడు. అయినా ఆ రాత్రి పదకొండు కార్డులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరి అడ్రసు రాయాలో తెలియక అలాగే కూర్చుండిపోయాడు. పొద్దున చూస్తే కార్డులన్నీ ఖాళీగానే ఉన్నాయి. అసకావా కారు నడుపుతుంటే నాకు మా నాన్న కలం పట్టుకుని కూర్చోవడం కనిపించింది.

ఓరుగల్లు చదువరి
బుధవారం, ఉదయం 12:20

అక్కా, నేను ఆ చివరి పేజీల్ని క్లైమాక్స్ ట్విస్ట్ అనుకుని గబగబా దాటేశాను. మళ్ళీ చదువుతా. భయం మాత్రం భయమే, ఆ మాట మీద ఉంటాను. కానీ మీ నాన్నగారి కార్డుల సంగతి చదివాక మా తాత ఇంట్లో ఇలాంటిది జరిగిందా అని అమ్మని అడగాలనిపించింది.

గోదారి గట్టు
బుధవారం, ఉదయం 7:10

ఎవరూ లఫ్కాడియో హెర్న్ పేరెత్తలేదేమిటి? గ్రీకు దీవిలో పుట్టి, ఐర్లండ్‌లో పెరిగి, 1890లో జపాన్ చేరి, కొఇజుమి యాకుమోగా మారినాయన. ఆయన దెయ్యం కథల పుస్తకం 'క్వైదాన్' 1904లో వచ్చింది, ఆ ఏడే పోయాడు. ఆయనకి జపనీస్ పుస్తకాలు సరిగ్గా చదవడం రాదు. భార్య సెత్సు పాత కథలు వెతికి చదువుకుని రాత్రి దీపం తగ్గించి చెప్పేది. పుస్తకం చూసి చెప్పొద్దు, నీ మాటల్లో చెప్పు అని పట్టుబట్టేవాడట. అందుకే ఆ కథలు చదువుతుంటే పక్కన ఎవరో కూర్చుని చెబుతున్నట్టుంటుంది. అట్ట మీద పేరు ఒక్కరిదే. నా మటుకు సగం పుస్తకం ఆవిడది.

నిశిరాత్రి
శనివారం, రాత్రి 8:50

గోదారి గట్టు గారి పోస్టు చదివి ఒక పని చేశాను. ఊరికి వెళ్ళి, పెద్దమ్మకి 99వ ముక్క నా మాటల్లో చెప్పాను. చెప్పాలా వద్దా అని బస్సులో చాలాసేపు ఆలోచించాను. అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఎక్కడో జపాన్‌లో వందేళ్ళ కిందట అన్నాను. చేతులు ఆగలేదు. భార్య వేరే మనిషితో కనిపించిందన్నా ఏమీ అనలేదు.

చివర్లో ఇంకో వాక్యం ఉంది, మొన్న రాయడం మరిచాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఫుకుజి ఆ దారి మధ్యలోనే తెల్లవారేదాకా నిలబడి ఆలోచిస్తూ ఉండిపోయాడు. పొద్దున ఇంటికొచ్చాడు, తర్వాత చాలాకాలం జబ్బుపడ్డాడు. అది కూడా చెప్పాను.

పెద్దమ్మ చేతిలో రొయ్య పళ్ళెంలో పెట్టేసింది.

"తెల్లారేదాకా బయటే ఉన్నాడా? మరి గుడిసెలో ఆ ఇద్దరు పిల్లలు?"

పుస్తకంలో లేదు పెద్దమ్మా అన్నాను.

"లేచి ఏడ్చి ఉంటారు" అంది. చీకటి పడేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.